పిల్లర్ల ఇంటికి ర్యాట్ ట్రాప్ గోడ: ఆదా ఎంత, అవస్థ ఎంత?

నిలువుటిటుక:
ర్యాట్ ట్రాప్ బాండ్ గురించి ఎవర్ని కదిపినా రెండే మాటలు. ఇటుకలు నాలుగో వంతు మిగులుతాయి, ఇల్లు చల్లగా ఉంటుంది. రెండింటి మీదా నాకు అనుమానమే.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. మామూలు తొమ్మిదంగుళాల గోడలో ఇటుకని బల్లపరుపుగా పడుకోబెడతాం. ఇందులో పక్కమీద నిలబెడతాం. బయటివైపు ఒకటి, లోపలివైపు ఒకటి పొడుగ్గా పెట్టి, ఆ జత తర్వాత ఒకదాన్ని గోడకి అడ్డంగా పెడతాం. పొడుగు ఇటుకలు రెండింటి మధ్య మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. పేరులో ఉన్న ఎలుకబోను ఆ ఖాళీయే. ఇంగ్లండ్‌లో పాత పద్ధతి ఇది. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, తర్వాత తిరువనంతపురంలో స్థిరపడిన లారీ బేకర్ దీన్ని కేరళలో బాగా ప్రచారంలోకి తెచ్చారు.

ఆయన ఇళ్లలో ఎక్కువగా గోడలే బరువు మోస్తాయి. మనమేమో ఒక్క అంతస్తుకి కూడా పిల్లర్లు, బీములు వేసేస్తున్నాం. బరువు మొయ్యని గోడని ఇంత కష్టపడి ఇలా కట్టడంలో అర్థముందా? లెక్కతో చెప్పండి, పొగడ్తలొద్దు.

మూలమట్టం:
లెక్కే చూద్దాం. ఇటుక 230×110×75 మిల్లీమీటర్లు, ఇటుకల మధ్య మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) 10 మిల్లీమీటర్లు అనుకోండి. పడుకోబెట్టి కట్టిన తొమ్మిదంగుళాల గోడకి చదరపు మీటరుకి 98 ఇటుకలు పడతాయి. ర్యాట్ ట్రాప్‌లో ఒక జత, ఒక అడ్డం కలిపి మూడు ఇటుకలు. అవి 325 మిల్లీమీటర్ల పొడవు, 120 ఎత్తు నింపుతాయి. అంటే చదరపు మీటరుకి 77. ఆదా 21 శాతం పైచిలుకు. మాలు 0.044 ఘనపు మీటర్ల నుంచి 0.027 దగ్గరికి వస్తుంది, అంటే దాదాపు 40 శాతం తక్కువ. అయితే ఖాళీ నిజంగా ఖాళీగా ఉంటేనే ఈ లెక్క. దాని సంగతి మళ్లీ చెప్తా.

పిల్లర్ల ఇంట్లో దీనికి అర్థం లేదనడం తొందరపాటు. చదరపు మీటరుకి సుమారు 100 కిలోల బరువు తగ్గుతుంది. పదడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తు గోడ అయితే బీము మీద 850 కిలోల దాకా తగ్గినట్టు. ఇది ముందే తెలిస్తే డిజైన్‌లోనే బీము స్టీలు కొంత తగ్గించుకోవచ్చు. స్లాబులన్నీ పడ్డాక ర్యాట్ ట్రాప్ గుర్తొస్తే మాత్రం ఆ లాభం పోయినట్టే.

గోదారి ఇటుక:
కాగితం మీద 21 శాతం నిజమే మాస్టారూ. సైట్లో ఎంత మిగులుతుందో చూడండి. ప్లింత్ (పునాది పైన నేలమట్టం గట్టు) మీద మొదటి వరస ఖాళీ లేకుండా గట్టిగా కట్టాలి. కిటికీ కింద ఒక వరస, లింటెల్ (తలుపు, కిటికీల మీది దిమ్మ) కింద ఒకటి గట్టిగా ఉండాలి. తలుపులు, కిటికీల పక్కలు రెండువైపులా ఖాళీ లేకుండా మూసెయ్యాలి, లేకపోతే ఫ్రేముని గోడకి బిగించే ఇనప పట్టీ, అదే హోల్డ్‌ఫాస్ట్, పట్టుకోడానికి ఏమీ ఉండదు. మూలలూ అంతే. ఇవన్నీ తీసేస్తే చేతికి మిగిలేది 15 శాతం దగ్గరే. కిటికీలు ఎక్కువున్న గోడైతే అదీ ఉండదు.

ఇటుకది ఇంకో గొడవ. పడుకోబెట్టినప్పుడు వరస ఎత్తు ఇటుక మందాన్ని బట్టి ఉంటుంది, ఇక్కడ వెడల్పుని బట్టి. బట్టీ ఇటుకల్లో ఒకే లోడులో వెడల్పు 6, 7 మిల్లీమీటర్లు అటూ ఇటూ రావడం మామూలే. పడుకోబెట్టిన గోడలో ఆ తేడా మధ్య మాలులో కలిసిపోతుంది. నిలబెడితే ప్రతి వరసలో మెట్టులా కనబడుతుంది. మేస్త్రి దాన్ని కప్పడానికి మాలు లావుగా వేస్తాడు, మీరు చెప్పిన 40 శాతం అక్కడే కరిగిపోతుంది.

నిలువుటిటుక:
ఫ్లయాష్ (బొగ్గు బూడిద) ఇటుక అయితే కొలత సమంగా ఉంటుందిగా?

గోదారి ఇటుక:
ఉంటుంది, దీనికి అదే మేలు కూడా. కాకపోతే కొనేముందు టేపు పెట్టి చూడండి. 190×90×90 మాడ్యులర్ ఇటుక పొరపాటున కూడా తేవద్దు. రెండు తొంభైలు నూట ఎనభై, గోడ నూట తొంభై. మధ్యలో మిగిలేది పది మిల్లీమీటర్లు. అందులో ఎలుక కాదు కదా, చీమ కూడా ఒళ్లు మడుచుకుని దూరాలి. వెడల్పుకీ మందానికీ తేడా ఉన్న ఇటుకతోనే ఈ బాండ్.

మట్టి ఇటుకే వాడేట్లయితే పేరు గుంట ఉన్న ముఖం ఖాళీవైపు తిప్పాలి. బయటికి తిప్పితే పూత లేని గోడ నిండా బట్టీవాళ్ల పేర్లే.

చల్లగాలి:
ఇటుకల లెక్క మీరు చూసుకోండి, "చల్లదనం" సంగతి నేను చెప్తా. వేడి గోడలోంచి ఎంత సులువుగా పోతుందో చెప్పే యూ విలువ గట్టి తొమ్మిదంగుళాల ఇటుక గోడకి సుమారు 2.2. ర్యాట్ ట్రాప్‌లో ఖాళీ ఉన్నచోట 1.9 వస్తుంది. అడ్డ ఇటుక ఉన్నచోట మళ్లీ 2.2 యే, ఎందుకంటే అది బయటినుంచి లోపలిదాకా ఒకే ఇటుక, వేడికి వంతెన. రెండూ కలిపి సగటు తీస్తే 2కి కాస్త అటూ ఇటూ. పదిశాతం తగ్గింది, అంతే. ఎనిమిదంగుళాల ఏఏసీ (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు) బ్లాకు గోడ 0.8 దగ్గర ఉంటుంది. చల్లదనమే కావాలంటే పోటీ ఇంకేముంది?

హైదరాబాద్‌లో ఒక్క అంతస్తు ఇంటికి మే నెలలో అసలు వేడి పైకప్పులోంచి దిగుతుంది, గోడలోంచి కాదు. ఆ డబ్బుతో స్లాబు మీద తెల్ల పూత వెయ్యండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే.

మూలమట్టం:
పదిశాతం లెక్క ఒప్పుకుంటాను, నా దగ్గరా అంతే వస్తోంది. కానీ ఏఏసీని ఊరికే గెలిపించొద్దు. దానికి తడి ఆరేకొద్దీ ముడుచుకునే గుణం ఉంది. పిల్లరుకీ బ్లాకుకీ మధ్య మెష్ (వల) వెయ్యకపోయినా, తడి ఆరని బ్లాకులు కట్టేసినా ఏడాదిలో పూత మీద మెట్లుమెట్లుగా బీటలొస్తాయి. పైగా దాన్ని పూత లేకుండా వదలలేం. ర్యాట్ ట్రాప్‌లో అసలు ఆదా ఇటుకలో కాదు, బయట 20, లోపల 12 మిల్లీమీటర్ల పూత మానేస్తే వచ్చేది. రెండువైపులా పూసేసి, పైన పుట్టీ కూడా పట్టిస్తే ఇక ర్యాట్ ట్రాప్ ఎందుకు?

కోస్తా కబురు:
పూత మానేయమనడం కేరళలో చెల్లుతుంది. బేకర్ ఇళ్లకి చూరు బయటికి బాగా వస్తుంది, వాన గోడని తాకేది తక్కువ. మన స్లాబు ఇళ్లకి చూరే ఉండదు. కాకినాడలోనో మచిలీపట్నంలోనో తుఫాను గాలికి వాన అడ్డంగా కొడుతుంది. అడ్డ ఇటుక చుట్టూ ఉన్న మాలులో వెంట్రుకంత సందు చాలు, నీళ్లు దాని వెంబడే లోపలి గోడకి వచ్చేస్తాయి. లోపల సరిగ్గా అడ్డ ఇటుకలున్న చోటల్లా తడి మచ్చలు, గళ్ల దుప్పటిలా. ఇలాంటి మచ్చలకి చాలాసార్లు కారణం అదే.

కోస్తాలో కట్టాలంటే సన్‌షేడ్ రెండడుగులకి తగ్గకూడదు, స్లాబు చుట్టూ కూడా బయటికి రావాలి. వాన నేరుగా కొట్టే గోడలకి బయట పాయింటింగ్ (ఇటుకల సందుల్లో మాత్రమే మాలు పట్టించడం) సరిపోదు, పూత వెయ్యాల్సిందే. ప్లింత్ మీద గట్టి వరసకి పైన, బయటి ముఖంలో మూడడుగులకొక చిన్న సందు వదలాలి. ఖాళీలోకి దిగిన నీళ్లు బయటికి పోడానికి.

నల్లరేగడి:
గుంటూరు వైపు నల్లరేగడి నేలలో గోడలు బరువు మోసే ఇల్లు కట్టమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి. నేల ఎండలో కుంచించుకుని, వానకి ఉబ్బుతుంది. బోలు గోడ అయితే బీట నేరుగా ఇవతలినుంచి అవతలిదాకా దిగుతుంది. మొరం నేల వేరు సంగతి, అక్కడ రెండంతస్తులదాకా ఇబ్బంది లేదు. భూకంపాల కోడ్ ఐఎస్ 1893, 2016 పటంలో హైదరాబాద్ రెండో జోన్, విజయవాడ మూడో జోన్. మూడో జోన్‌లో ప్లింత్, లింటెల్, స్లాబు మట్టాల్లో ఆర్‌సీసీ పట్టీ, మూలల ఖాళీల్లో నిలువు రాడ్డు వేసి కాంక్రీటు నింపడం తప్పనిసరి అనుకోవాలి. ఖాళీ ఉండటం ఇక్కడ కలిసొస్తుంది, వేరే గాడి చెయ్యక్కర్లేదు.

సందులో స్విచ్చు:
ఎవరూ ఎలక్ట్రీషియన్ని తల్చుకోలేదు. మూడంగుళాల ఇటుక ముఖం మీద గాడి కొడితే సగం మందం పోతుంది, రెండోసారి కొడితే ఖాళీలోకి కన్నం పడుతుంది. పైపులు గోడతోపాటే లేవాలి. పై వరసలో అడ్డ ఇటుక కింది వరస ఖాళీకి నడిమధ్య వస్తుంది కాబట్టి దాని రెండు పక్కలా మూడంగుళాల చొప్పున దారి ఉంటుంది, పావుతక్కువ అంగుళం, అంగుళం పైపులు నిటారుగా దిగుతాయి. స్విచ్ బోర్డు ఎక్కడో కట్టకముందే తేలాలి. మన ఇళ్లలో టీవీ ఏ గోడకో గృహప్రవేశం ముందురోజు కూడా తేలదు, అదీ సమస్య.

గీజరు, ఏసీ బ్రాకెట్, వంటింటి అల్మారాలు కూడా అంతే. 25 లీటర్ల గీజరులో నీళ్ల బరువే 25 కిలోలు. ప్లగ్గు మూడంగుళాలు దాటాక గాల్లో వేలాడుతుంది. ఆ చోట్ల రెండు వరసల ఖాళీని కట్టేటప్పుడే కాంక్రీటుతో నింపి, ఫొటో తీసి పెట్టుకోవాలి.

నిలువుటిటుక:
పిల్లర్ల ఇంట్లో బీము కింద ఎత్తు కుదురుతుందా? స్లాబు నుంచి బీము అడుగుదాకా ఎనిమిదడుగుల ఆరంగుళాలు అనుకుంటే?

మూలమట్టం:
అంటే 2590 మిల్లీమీటర్లు. నిలువు వరసలు 120 చొప్పున 21 వేస్తే 2520, పైన 70 మిగిలి ఏ ఇటుకా పట్టదు. 20 దగ్గర ఆగండి. 2400 పోను 190 ఉంటుంది. కింద ఒక పడుకోబెట్టిన వరస, బీము కింద ఒకటి, రెండూ కలిపి 170. మిగతా 20 బీము అడుగున గట్టిమాలు కూరడానికి. కింద గట్టి వరస ఎలాగూ కావాలన్నాం, అదే ఇది. పిల్లరుకి ప్రతి నాలుగో వరసలో 6 మిల్లీమీటర్ల రాడ్డు ముక్క, ఒక కొస పిల్లర్లో, ఒక కొస మాలులో ఉండాలి.

ఇప్పుడు ఖాళీ సంగతి. మేస్త్రి తాపీతో మాలు పరిచేటప్పుడు సగం ఖాళీలోకి జారుతుంది. దానికి మందు మూడంగుళాల వెడల్పు చెక్కపట్టీ, రెండు కొసలా తాడు. ఖాళీ మీద పట్టీ పెట్టి, రెండు అంచులకీ మాలు పరిచి, తాడు పట్టి ఎత్తెయ్యాలి. పట్టీ మీద పడ్డ మాలు మళ్లీ గమేళాలోకే. మాలు 1:6 (సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు), కాస్త బిగువుగా. ఇటుకలు ముందురోజే తడపాలి.

గోదారి ఇటుక:
ఆ పట్టీ రెండోరోజుకి పొయ్యిలో ఉంటుంది. ఎందుకో చెప్తా. పని వెయ్యి ఇటుకల లెక్కన మాట్లాడితే ఈ గోడలో మేస్త్రికి రెండు దెబ్బలు: ఇటుకలు తక్కువ పడతాయి, ఒక్కో ఇటుకకి సమయం ఎక్కువ పడుతుంది. చదరపుటడుగు లెక్కన గోడకి రేటు కట్టండి, అది కూడా నాలుగడుగుల నమూనా గోడ కట్టించి చూశాకే. అందులో ఒక్క ఇటుక అడుగున వదిలేసి, సాయంత్రం టార్చి వేసి చూడండి. కింద మాలు కుప్ప అంగుళం దాటితే మేస్త్రిని మార్చండి, లేదా మామూలు గోడకే పొండి.

చల్లగాలి:
అంత చేసినా యూ విలువ 2 దగ్గరే ఉంటుంది.

మూలమట్టం:
ఉంటుంది. 850 కిలోలు కూడా తగ్గే ఉంటాయి.