కుట్టు ఆల్బమ్ విసనకర్రలా విచ్చుకోకుండా ఏం చేయాలి?

అమ్మానాన్నల షష్టిపూర్తికి పాత ఫొటోలతో ఒక ఆల్బమ్‌ను చేత్తో కుట్టి ఇవ్వాలని పూనుకున్నాను. మందపాటి నల్ల కాగితాలను నాలుగేసి చొప్పున మడిచి, మైనం పట్టించిన నారదారంతో కుట్టి, అట్టలకు జైపూర్ దగ్గరి సాంగానేర్ పూల అచ్చు చేతి కాగితం అతికించి ముందుగా ఒక నమూనా చేశాను. కుట్టు బాగానే కుదిరింది కానీ, ఫొటోలు అంటించగానే వెన్ను పలుచగా, తెరిచే అంచు లావుగా మారి, ఆల్బమ్ విసనకర్రలా విచ్చుకుంటోంది. వెన్ను దగ్గర 2 సెంటీమీటర్ల కాగితపు పట్టీలను కలిపి కుడితే ఆ తేడా సరిపోతుందని తెలుసు. అయితే వాటిని విడిగా కత్తిరించి కుట్టాలా, లేక పుట అంచునే లోపలికి మడిచి కుట్టాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

మైదా జిగురుకు పురుగు పట్టకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపడం మన బైండర్ల పాత అలవాటే గానీ, ఫొటోల పక్కన దానిని వాడడానికి నాకు మనసొప్పడం లేదు. అట్టలకు మాత్రమే వాడినా ప్రమాదమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.