బరోలో వైన్ ఇంత వగరుగా ఉంటుందా, లేక సీసా పాడైందా?

టురిన్_కుర్రాడు:
అందరికీ నమస్తే. నేను ఇటలీలోని టురిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. పోయిన వారం రూమ్మేట్స్‌తో బరోలో ఊరి వైపు వెళ్లాం. అక్కడో చిన్న వైనరీ, మొత్తం ఇంటివాళ్లే నడుపుకుంటున్నారు. ఒకావిడే తోట చూపించింది, ఆవిడే గ్లాసుల్లో పోసింది, బిల్లు కొట్టిందీ ఆవిడే. 2021 బరోలో ఒకటి కొన్నా, స్టూడెంట్ బడ్జెట్‌కి బాగా ఎక్కువే. శనివారం మటన్ కూర వండుకుని తీశాం. రంగు చూస్తే పల్చగా, గ్లాసు అవతల వేళ్లు కనబడుతున్నాయి, లైట్‌గా ఉంటుందేమో అనుకుని ఒక గుక్క తాగితే పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుకా చిగుళ్లూ పట్టేశాయి. పైన కూర కారం. వైనరీలో తాగినప్పుడు ఇలా లేదే? పాడైందా? సగం సీసా మిగిలింది. డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్తూ మామయ్యకి ఇదే తీసుకెళ్దామనుకున్నా, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

పీపా_రాజు:
పాడవలేదు బ్రదర్, తొందరపడ్డారంతే. పాడైతే తడిసిన అట్టపెట్టె వాసనో, వెనిగర్ వాసనో కొట్టేది. బరోలో అంటే మొత్తం నెబ్బియోలో ద్రాక్షే, వేరే రకం కలపనివ్వరు. దానికి రంగు తక్కువ, టానిన్ (నోరు పట్టేసే వగరు పదార్థం) ఎక్కువ, పులుపూ ఎక్కువే, అందుకే కంటికి ఒకలా కనబడి నోటికి ఇంకోలా తగులుతుంది. కోసిన ఏడాది నవంబర్ 1 నుంచి 38 నెలలు దాటాకే అమ్మాలి, అందులో కనీసం 18 నెలలు చెక్క పీపాలో ఉండాలి. అంటే మీ 2021 సీసా 2025 జనవరికి ముందు బయటికి రానే లేదు. అమ్మకానికి వచ్చినంత మాత్రాన తాగడానికి సిద్ధమైనట్టు కాదు, మంచిదైతే ఇంకో పదేళ్లు ఆగినా పర్లేదు. వైనరీలో మీకు పోసిన సీసా ఎప్పుడో పొద్దున్నే తీసి ఉంటారు, గాలి తగిలి మెత్తబడింది. మిగిలిన సగానికి కార్క్ పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రేపు గంట ముందు బయటపెట్టి తాగి చూడండి.

గోంగూర_ఫ్యాన్:
అసలు తప్పు కారానిది! మిరపకాయ ముందు టానిన్, ఆల్కహాల్ రెండూ ఇంకా మండుతాయి. ఆ ఊళ్లవాళ్లు దీన్ని వైన్‌లోనే గంటలకొద్దీ ఉడికించిన గొడ్డుమాంసంతోనో, వెన్న వేసిన సన్నటి పాస్తాతోనో తాగుతారు, కొవ్వుంటే వగరు తగ్గుతుంది. మన కూరలకైతే ఆ కొండల్లోనే పండే బార్బెరా అనే ద్రాక్ష వైన్ తెచ్చుకోండి, టానిన్ తక్కువ, పులుపు బాగుంటుంది, ధర కూడా చాలా తక్కువ. బరోలో పేరు చూసి డబ్బు పోసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పీపా_రాజు:
అంత మాటనకండి 😄 తమ్ముడూ, లోపల పీపాలు చూశారా? మనిషికంటే ఎత్తువా, నడుము దాకా ఉండే చిన్నవా? అక్కడ దీని మీద ఇళ్లలోనే పెద్ద గొడవలు జరిగాయి. 1980ల్లో ఎలియో ఆల్తారే అనే వైన్ తయారీదారు తన నాన్న వాడే పాత పెద్ద పీపాల్ని రంపంతో కోసేసి చిన్న కొత్త ఓక్ పీపాలు తెచ్చాడు, తండ్రి ఆస్తిలో వాటా లేకుండా చేశాడంటారు. అటువైపు బార్తోలో మస్కరెల్లో అనే ఇంకో తయారీదారు, 2005లో పోయాడు, పాత పద్ధతి చివరిదాకా వదల్లేదు. నాలుగు తోటల ద్రాక్ష కలిపి ఒకటే బరోలో చేసేవాడు, చిన్న పీపాలూ వద్దు బెర్లుస్కోనీ (ఇటలీ రాజకీయ నాయకుడు) వద్దు అని లేబుల్ మీద చేత్తో రాసేశాడు. కొత్త చిన్న పీపాల్లో చేసింది కాస్త త్వరగా తాగొచ్చు, వనిల్లా వాసన కూడా తగులుతుంది. పెద్ద పీపాలదైతే ఓపిక కావాలి.

టురిన్_కుర్రాడు:
పెద్దవే అన్నా, నిచ్చెన వేసి ఉంది. ఈరోజు మిగిలింది తాగాను, ఎండిన గులాబీ వాసన వచ్చింది, వగరు ఉంది కానీ శనివారం ఉన్నంత లేదు. ఈసారి చీజ్‌తోనే. మామయ్య సంగతి చెప్పండి ఎవరైనా.

మియాపూర్_మావ:
ఇండియాకి మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేదు, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. చెకిన్ బ్యాగులోనే పెట్టాలి, బట్టల మధ్య చుట్టి. మామయ్యకి ఒకటే మాట గట్టిగా చెప్పు, అటక మీద పెట్టొద్దని, మే నెలకి వైన్ ఉడికిపోతుంది. ఆయన ఆగే రకం కాకపోతే రెండూ బార్బెరానే తీసుకెళ్లు.