వండర్ వుమన్ 750వ సంచికతో మొదలెట్టా, తప్పు చేశానా?

నిద్రలేని_నిహారిక:
సినిమా చూడటమే తప్ప కామిక్ ఎప్పుడూ ముట్టుకోలేదు. మా అన్నయ్య డల్లాస్ నుంచి వస్తూ వండర్ వుమన్ 750 తెచ్చాడు, 2020 జనవరిది, 96 పేజీలు, అట్ట మీద రేటు 9.99 డాలర్లు. 750 నిండిన పండగ సంచిక కదా కొత్తవాళ్ళకి కూడా అర్థమవుతుందిలే అని తెరిస్తే మొదటి కథే నడుస్తున్న సీరియల్‌కి ఆఖరి భాగం! చీటా అనే విలన్‌తో గొడవ, ఎందుకో తెలీదు. సరిగ్గా అప్పగింతల టైముకి పెళ్ళికెళ్ళినట్టుంది, అందరూ ఏడుస్తున్నారు, నాకేమో పెళ్ళికూతురెవరో తెలీదు. తర్వాతి చిన్న కథలు బానే ఉన్నాయి కానీ ఎక్కువ భాగం సన్మాన సభే, శాలువా ఒక్కటే తక్కువ. రుకా రాసి నికోలా స్కాట్ గీసిన కథ మాత్రం బొమ్మల కోసం రెండుసార్లు తిరగేశా.

లెక్కలమాస్టారు:
అసలది 750 ఏంటండీ. దానికి ముందొచ్చింది 83. ఒకసారి 83, ఆ వెంటనే 750. అమ్ముకోడానికి.

ఉల్లిదోశ:
మొదలెట్టారు మాస్టారు 😀

పెరేజ్_భక్తుడు:
మాస్టారూ, పాత సిరీస్‌లన్నీ కలిపితే లెక్క సరిపోతుంది. మొదటి మూడు సిరీస్‌ల సంచికలు 329, 226, 44 కలిపితే 599, అందుకే 2010లో 600 వేశారు. అది 614 దాకా నడిచింది. ఆ తర్వాత మళ్ళీ ఒకటి నుంచి 52, తర్వాత ఇంకోసారి ఒకటి నుంచి 83. మొత్తం 749. ఇంకేం కావాలి?
నిహారిక గారూ, మీరు తప్పు చివర నుంచి మొదలెట్టారు. జార్జ్ పెరేజ్ 1987 నుంచి వండర్ వుమన్ కథని కొత్తగా రాసింది చదివి రండి, అప్పుడు మాట్లాడదాం.

లెక్కలమాస్టారు:
మరి 2012లో సున్నా నంబరుతో వచ్చిన సంచిక? అది మీ లెక్కలో లేదే. డబ్బులు పెట్టి కొన్నాం కదా, అది పుస్తకం కాదా?

నిద్రలేని_నిహారిక:
అదేంటండీ, ఒక పుస్తకం నచ్చిందో లేదో చెప్పడానికి 30 ఏళ్ళవి చదివి రావాలా? చివరి కథలో న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ దగ్గర డయానానే, అంటే వండర్ వుమనే, మొట్టమొదటి సూపర్‌హీరో అన్నారు, నాకది భలే నచ్చింది. 1942 కామిక్‌లో జస్టిస్ సొసైటీ అనే సూపర్‌హీరోల జట్టులో చేర్చుకుని సెక్రటరీగా కూర్చోబెట్టారట ఆవిడని. కొట్లాటకి మగాళ్ళు, నోట్స్ రాయడానికి ఆవిడ! ఇన్నాళ్ళకి ఆ బాకీ తీర్చారనిపించింది.

పెరేజ్_భక్తుడు:
బాకీ తీర్చడం కాదది, ఇష్టమొచ్చినట్టు చరిత్ర మార్చడం. మొదటి రచయిత మార్‌స్టన్ నాటి నుంచీ డయానా మట్టిబొమ్మ, తల్లి హిపాలిటా చేసుకుంటే దేవతలు ప్రాణం పోశారు. 2011లో ఏం చేశారు? గ్రీకు దేవుడు జ్యూస్ (Zeus) కూతురన్నారు. పార్వతమ్మ నలుగుపిండితో చేసుకున్న పిల్లాడికి ఇవాళ ఎవడో వచ్చి వేరే తండ్రిని చూపిస్తే ఊరుకుంటామా? నువ్వు చూసిన సినిమాలోనూ అదే. ఆ ఒక్క సినిమా చూసి వచ్చేసి సన్మాన సభ అంటున్నావు.

ఉల్లిదోశ:
గారూ నుంచి నువ్వుకి దిగిపోయారేంటి అన్నా

నిద్రలేని_నిహారిక:
నువ్వు అనే అనండి, నాకేం పర్లేదు. కానీ ఇదే మాట ఇంకోచోట కూడా విన్నా. మొన్నొక స్టాల్లో వండర్ వుమన్ అడిగితే ఆ అబ్బాయి "తమ్ముడికా మేడమ్" అన్నాడు. నాకే అన్నా. అంతే, వైవా మొదలు! ఆమె మొదట ఏ పుస్తకంలో వచ్చింది, ఎవరు గీశారు, ఏ సంవత్సరం. ఇప్పుడు మీరు. పుస్తకం మగాళ్ళది కాదు, మీది కాదు, పదిమంది కొనుక్కునేది.

పెరేజ్_భక్తుడు:
మగాళ్ళదని నేనన్నానా? ఇంజినీరింగ్‌లో ఉండగా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం ఆదివారం ఏరుకున్న పెరేజ్ సంచికలు 31 ఉండేవి నా దగ్గర. "ఆడపిల్ల బొమ్మల పుస్తకాలు చదువుతాడ్రా వీడు" అని నవ్వి మా నాన్న పాత పేపర్లవాడికి కిలోల్లెక్కన అమ్మేశారు. హాస్టల్ నుంచి వచ్చేసరికి అటక ఖాళీ. తర్వాత 2011లో కామిక్ కంపెనీ వాడు ఆ కథే చెల్లదన్నాడు. 750లోనైనా పాతది మళ్ళీ కనిపిస్తుందేమో అనుకున్నా. నీలాంటోళ్ళకి మొదటి కథ అర్థం కాలేదని బాధ, నాకు అంతా అర్థమయ్యే బాధ.

నిద్రలేని_నిహారిక:
ఇది మొదటి పోస్టులోనే చెప్పుంటే సరిపోయేదిగా! ఆ 31లో ఇప్పుడు దొరికేవేంటో చెప్పండి. ఒకటో నంబరు నుంచే చదవాలా?

పెరేజ్_భక్తుడు:
ఒకటి నుంచే. మధ్యలో దూకితే మళ్ళీ అప్పగింతలే.

లెక్కలమాస్టారు:
1994లో కూడా ఒక సున్నా నంబరు ఉంది. దాని గురించి ఎవరూ అడగరు.