పది రోజుల నేపాల్ మిషన్ ట్రిప్‌కి వెళ్లనా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

ఒంగోలు నర్సు:
అందరికీ వందనాలు. నాకు 27 ఏళ్లు, ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా చర్చి సంఘం నుంచి 12 మంది దసరా సెలవుల్లో పది రోజులు నేపాల్ వెళ్తున్నారు. మెడికల్ క్యాంపులు, పిల్లలకు ఆటపాటలు, ఇంటింటికీ కరపత్రాలు అని చెప్పారు. మనిషికి 32 వేలు, అంటే నాకు రెండు నెలల జీతం. "ఇక్కడ జబ్బుమనుషులు లేరా, అంత దూరం ఎందుకే" అంటోంది అమ్మ. సండే స్కూల్లో మిషనరీల కథలు విన్నప్పటి నుంచి నాకున్న కోరిక ఇది. కానీ అక్కడ చట్టం కఠినమని ఎవరో చెప్పారు, అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

విజయవాడ బ్రదర్:
సిస్టర్, మనకి నేపాల్ వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, మీ వయసువాళ్లకి ఆధార్ ఒక్కటే సరిపోదు. చట్టం సంగతి నిజమే. ఒకరి మతం మార్పించడాన్ని 2015 రాజ్యాంగమే నిషేధించింది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం ఐదేళ్ల దాకా జైలు, 50 వేల నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష అయ్యాక ఏడు రోజుల్లో దేశం నుంచి పంపేస్తారు.

బాపట్ల అక్క:
అమ్మాయీ, నేను 2019లో వెళ్లాను. నేనూ నర్సునే, ఇప్పుడు రిటైరయ్యాను. విజయవాడలో రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, బుట్వల్ మీదుగా పాల్పా జిల్లా కొండల్లోకి వెళ్లాం. నీ కోరిక మంచిది, దాన్ని చంపుకోవద్దు. కానీ నాకు జరిగింది చెప్తాను, విను.

రెండో రోజు క్యాంపుకి ఒక ముసలామె వచ్చింది. బీపీ 180/110. గంటన్నర నడిచి వచ్చిందట. నెలకి సరిపడా మాత్రలు ఇచ్చాను, ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్లు నిండాయి. పక్కనే ఉన్న అక్కడి నర్సు దీదీ ఆమె వెళ్లాక మెల్లగా అడిగింది: "వచ్చే నెల ఈమెకి మాత్రలు ఎవరిస్తారు?" నా దగ్గర జవాబు లేదు. ఆమె ఊరి కిందే సర్కారు హెల్త్ పోస్టు ఉందని, అక్కడ కొన్ని మందులు ఉచితంగానే ఇస్తారని అప్పుడు తెలిసింది. మా టీములో ఒక్కరం కూడా బయల్దేరే ముందు ఆ సంగతి అడగలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాటి నుంచి పని మార్చాను. అక్కడి సంఘంలోని నలుగురు ఆడవాళ్లకి బీపీ చూడటం నేర్పాను. ఎవరిని హెల్త్ పోస్టుకి పంపాలో కాగితం మీద రాయించాను. లీటరు శుభ్రమైన నీళ్లకి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు కలపడం చూపించాను. వాళ్లు ఓఆర్ఎస్‌ని జీవన్ జల్ అంటారు. ఆ పది రోజుల్లో నిలిచిన పని అదొక్కటే అని నా నమ్మకం.

ఇక కరపత్రాలు. దయచేసి పంచొద్దు. మనం బస్సెక్కి వచ్చేస్తాం, పోలీస్ స్టేషన్‌కి పిలిస్తే వెళ్లాల్సింది అక్కడి పాస్టర్ గారు. ఆయనకి భార్యాపిల్లలు ఉంటారు. ఆ పాల్పా జిల్లాలోనే తాన్‌సేన్‌లో మిషన్ ఆసుపత్రి 1954 నుంచి నడుస్తోంది. మతం మార్చకూడదన్న షరతుకి ఒప్పుకునే ఆ మిషన్ వాళ్లు నేపాల్‌లో పని చేస్తున్నారు. అన్నేళ్లుగా రోగుల్ని చూడటం సాక్ష్యం కాదా?

ఇంకోటి. మనకి దసరా అంటే వాళ్లకి దసాయిం, ఏడాదిలో అతి పెద్ద పండుగ. ఆఫీసులు మూసేస్తారు. పెద్దల చేత నుదుట టీకా, అంటే బొట్టు, పెట్టించుకోవడం ఆ రోజుల్లో చాలా ముఖ్యం. అది వద్దనే విశ్వాసులకి ఇళ్లలో ఇబ్బంది వచ్చేదే అక్కడ. సరిగ్గా అప్పుడు బయటి దేశం నుంచి పన్నెండు మంది దిగితే ఎలా ఉంటుందో ఆలోచించు. ఆ తేదీలు అక్కడి సంఘం కోరినవా, మన సెలవుల్ని బట్టి పెట్టుకున్నవా? ముందు అది అడుగు. వైద్యం చేయడానికి అక్కడి వైద్య కౌన్సిల్ అనుమతి తీసుకున్నారా అని కూడా అడుగు.

నెల్లూరు తమ్ముడు:
అక్క చెప్పింది చదివాక జాన్ రంగయ్య గారు గుర్తొచ్చారు. 1903లో మన తెలుగు బాప్టిస్టులే కానుకలు పోగేసి ఆయన్ని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి పంపారు, అక్కడ తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల దగ్గరికి. 1915లో చనిపోయేదాకా ఆ సంఘాలతోనే ఉన్నారు. వాళ్ల భాషే ఆయన భాష. సిస్టర్, పది రోజులకే వెళ్లినా కాస్త నేపాలీ నేర్చుకుని వెళ్లండి. అక్కడ విశ్వాసులు కలిస్తే "జయమసీహ్" అంటారు. ఆరాధన ఆదివారం కాదు, వాళ్ల సెలవు రోజైన శనివారం.

ఒంగోలు నర్సు:
అక్కా, మీ మాటలు మా టీమ్ లీడర్‌ అన్నకి చదివి వినిపించాను. తేదీల గురించి అక్కడి పాస్టర్ గారిని ఎవరూ అడగలేదట. నిన్న ఫోన్ చేస్తే ఆయన, "నవంబరులో రండి, ఐదుగురు చాలు, ఒక నర్సు తప్పకుండా ఉండాలి" అన్నారు. కరపత్రాల మాట ఎత్తగానే వద్దన్నారు. నేను వెళ్తున్నాను. అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, ప్రార్థనలో పెట్టండి. అక్కా, అక్కడ వదిలి రావడానికి ఎలాంటి బీపీ మిషన్ కొనమంటారు?

బాపట్ల అక్క:
మామూలు బ్యాటరీలతో నడిచే డిజిటల్‌ది కొను, అవి ఏ చిన్న కొట్టులోనైనా దొరుకుతాయి. చేతికి చుట్టే పట్టీలు రెండు సైజులవి తీసుకో. వెళ్లే ముందు మీ ఆసుపత్రిలోని బీపీ మిషన్‌తో పోల్చి చూడు. అమ్మతో నేను మాట్లాడతాను, నాకు మెసేజ్ పెట్టు తల్లీ.