గిరి గారి రైల్వే సమ్మె గురించి తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది బరంపురం. 1894లో ఇక్కడే పుట్టిన వి.వి.గిరి గారు మా ఇంట్లోవాళ్లకి రాష్ట్రపతి కన్నా ముందు కూలీల మనిషి. మా ముత్తాత బెంగాల్ నాగపూర్ రైల్వేలో గ్యాంగ్‌మన్. 1928లో గిరి గారి వెనక నిలబడి, చెయ్యెత్తకుండా సమ్మె చేసి, తీసేసినవాళ్లని మళ్లీ పనిలో పెట్టించుకున్నారని చెప్పేవారట. ఈమధ్య ట్రంకు పెట్టె అడుగున మా ముత్తాత యూనియన్ చందా రసీదు దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయింది గానీ ఊదా సిరా సంతకం చెక్కుచెదరలేదు.

కోర్టుల చుట్టూ తిరిగే కన్నా యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది గిరి గారి పట్టు. ఒడియా బళ్లలో చదివే మా పిల్లలకి ఇదంతా తెలుగులో చెప్పాలని నా తాపత్రయం. ఆ సమ్మె గురించి తెలుగులో ఏం దొరుకుతుంది? మీ పెద్దలు చెప్పిన సంగతులైనా సరే, రాయండి. రసీదుకి లామినేషన్ చేయిస్తే కాగితం పాడవుతుందా?