హాల్లోకి మొదటి హెచ్‌డీ టీవీ: 32 అంగుళాలా, 43 అంగుళాలా?

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. మా 21 అంగుళాల డబ్బా టీవీ ఇన్నేళ్లూ నెట్టుకొచ్చి, పోయిన వారం పూర్తిగా మూగబోయింది. బాగు చేయించడం దండగని మెకానిక్కే చెప్పేశాడు. ఇంట్లోకి ఫ్లాట్ టీవీ రావడం ఇదే మొదటిసారి, అందుకే ఈ టెన్షన్.

హాలు చిన్నదే. సోఫా నుంచి గోడకు ఏడడుగులు. షాపులో 32 అంగుళాల హెచ్‌డీ రెడీ చూపించారు, అంటే 1366×768 పిక్సెల్స్. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 1920×1080 ఉంటాయట. ఆ పక్కనే 4కె (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల పిక్సెల్స్ ఉండేది) కూడా పెట్టి, ఇక అదే తీసుకోమని ఒకటే పోరు. షాపులో అన్నీ బ్రహ్మాండంగానే కనిపిస్తాయి, ఇంటికొచ్చాకే కదా అసలు సంగతి!

నా అసలు అనుమానం వేరే. మా సెట్‌టాప్ బాక్స్ పాతది. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరే తప్ప హెచ్‌డీఎమ్‌ఐ (హెచ్‌డీ బొమ్మను టీవీకి పంపే వైరు పెట్టే చోటు) లేదు. నాన్నగారు చూసేది వార్తలు, క్రికెట్, అవీ మామూలు ఎస్‌డీ (హెచ్‌డీ కన్నా తక్కువ పిక్సెల్స్ ఉండే) ఛానళ్లే. ఆ బొమ్మనే 43 అంగుళాలకు సాగదీస్తే మసగ్గా ఉంటుందా? హెచ్‌డీ బాక్స్, హెచ్‌డీ ప్యాక్ కూడా తీసుకోక తప్పదా? అలాంటప్పుడు నెలనెలా ఖర్చు పెరుగుతుంది.

ఇంకొకటి, టీవీ పెట్టే గోడకు ఎదురుగానే పడమటి కిటికీ. సాయంత్రం ఎండ నేరుగా పడుతుంది. టీవీ తెరల్లో ఐపీఎస్, వీఏ అని రెండు రకాల ప్యానెళ్లున్నాయి కదా, మాకు ఐపీఎస్ మంచిదా, వీఏనా? పక్క నుంచి చూసేవాళ్లూ ఇద్దరుంటారు.

బడ్జెట్ పాతిక వేలు దాటకూడదు, స్టెబిలైజర్ కావాలంటే అదీ ఇందులోనే. ఇలాంటి హాల్లో వాడుతున్నవాళ్లు ఏది తీసుకున్నారో కాస్త చెప్పండి.