కాలవ గట్టు రోడ్డు మీద డ్రైవర్ లేని బస్సు నడుస్తుందా?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా తమ్ముడు హెవీ లైసెన్సు తీసుకుని ఆర్టీసీలో చేరాలనుకుంటున్నాడు. మా బాబాయేమో "ఇంకో పదేళ్లకి బస్సులకి డ్రైవర్లే ఉండర్రా" అని వాడికి టెన్షన్ పెడుతున్నాడు.

హైదరాబాద్ ఐఐటీ క్యాంపస్‌లో అలాంటి బస్సు తిరుగుతోందని తెలుసు. స్కాట్లండ్‌లో 2023లో ఎడిన్‌బరా దగ్గర ఫోర్త్ రోడ్డు వంతెన మీదుగా పెద్ద బస్సులే నడిపారు. వాటిలోనూ స్టీరింగ్ దగ్గర మనిషి ఉండేవాడు. జనం అనుకున్నంత ఎక్కక 2025లో ఆపేశారు.

నా సందేహమల్లా మన రోడ్ల గురించే. మాసూళ్లప్పుడు సగం రోడ్డు ధాన్యమే. పైన బరకం, అంచున రాళ్లు, ఇటుపక్క కాలవ. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరొస్తే ఎవరు వెనక్కి తీయాలో డ్రైవర్లిద్దరూ చెయ్యి ఊపుకుని తేల్చుకుంటారు (ఒక్కోసారి తిట్టుకుని కూడా). లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే పరికరం), కెమెరాలు ఆ బరకాన్ని రోడ్డనుకుంటాయా, అడ్డమనుకుంటాయా? చెయ్యి ఊపితే వాటికి అర్థమవుతుందా?

ఈ రంగంలో పనిచేసేవాళ్లు, ఐఐటీ బస్సు ఎక్కినవాళ్లు కాస్త చెప్పండి. లైసెన్సుకి ఇప్పుడు డబ్బు పెట్టొచ్చా? మీ జవాబులు బాబాయికి కూడా చూపిస్తాను.